ఏది దేన్ని ఆపదు? విలువైన పాత కామిక్ పుస్తకం: భద్రత, బీమా, రవాణా

నమస్కారమండీ. బల్ల మీద ఉన్న ఈ కామిక్‌ని చూసి ఎవరూ కంగారు పడకండి. పాతదే కానీ ఖరీదైనది కాదు. అట్ట ఒక పిన్ను దగ్గర ఊడిపోయింది, మధ్య కాగితం లేదు. ఇవాళ దీన్ని కాస్త ఇబ్బంది పెట్టబోతున్నాం, అందుకే దీన్ని పెట్టాను.

ఈ గంటలో చెప్పదలచుకున్నది ఒక్కటే. మన దగ్గర ఉన్న ప్రతి రక్షణా ఒక రకం నష్టాన్ని ఆపుతుంది, ఇంకో రకాన్ని ఆపదు. ప్లాస్టిక్ కవరు చేతి మరకల్ని ఆపుతుంది, కాగితం లోపలున్న ఆమ్లాన్ని ఆపదు. స్లాబ్, అంటే పుస్తకం పరిస్థితికి అంకె వేసి (దీన్నే గ్రేడింగ్ అంటారు) సీలు వేసిన గట్టి ప్లాస్టిక్ పెట్టె, వేళ్ళని ఆపుతుంది, కిందపడ్డ దెబ్బని ఆపదు. బీమా దొంగతనానికి డబ్బిస్తుంది, బూజుకి ఇవ్వదు. కొరియర్ రసీదు మీద మీరు రాసిన విలువ చాలాసార్లు బీమాయే కాదు. నష్టపోయేవాళ్ళు ఏ రక్షణా లేకుండా నష్టపోవడం తక్కువ. ఉన్న రక్షణ అన్నిటికీ పనికొస్తుందనుకోవడం వల్లే ఎక్కువ.

ముందు కాగితం సంగతి చూద్దాం. పాత కామిక్‌లు న్యూస్‌ప్రింట్ మీద అచ్చయ్యాయి. న్యూస్‌ప్రింట్ అంటే కర్రని నూరి చేసిన గుజ్జు. అందులో లిగ్నిన్ అలాగే ఉండిపోతుంది. గాలి, వెలుతురు తగిలితే లిగ్నిన్ పసుపెక్కుతుంది, ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం సెల్యులోజ్ పోగుల్ని ముక్కలు చేస్తుంది. పేజీ మూల మడిస్తే పుటుక్కున విరిగిపోయే పుస్తకాలు చూసే ఉంటారు, కారణం అదే. ఇక్కడ గమనించండి, శత్రువు బయటనుంచి రావడం లేదు. అచ్చయిన రోజే లోపల కూర్చుంది. మనం దాన్ని బయటికి పంపలేం, నెమ్మది చేయగలం, అంతే.

ఎలా నెమ్మది చేస్తాం? చల్లదనంతో. కాగితం సంరక్షణ చేసేవాళ్ళు వాడే ముతక లెక్క ఒకటుంది: ఉష్ణోగ్రత సుమారు 5 డిగ్రీల సెల్సియస్ తగ్గితే కాగితం ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. ఇంట్లో 18 నుంచి 21 డిగ్రీల మధ్య, గాలిలో తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉంచగలిగితే చాలు. తేమ 65 శాతం దాటి అలాగే నిలిస్తే బూజు మొదలవుతుంది. మరీ పొడిగా ఉంటే కాగితం పెళుసెక్కుతుంది. అంకెల కన్నా ముఖ్యం, నిలకడ. పగలు వేడి, రాత్రి చలి, మళ్ళీ వేడి అంటే కాగితం ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. పిన్ను మాత్రం కదలదు. అప్పుడు చిరిగేది ఎక్కడ? పిన్ను చుట్టూ. అందుకే పైకప్పు కింది అటకా వద్దు, నేలమాళిగా వద్దు, బయటి గోడకి ఆనించిన బీరువా కూడా వద్దు. ఇంటి మధ్యగదిలో, నేలకి కనీసం 6 అంగుళాల ఎత్తులో ఉంచండి. పైపు పగిలితే నీళ్ళు ముందు నేలమీదే కదా పారేది.

పిన్నుల మాట వచ్చింది కాబట్టి, అవి ఇనుపవి. తేమకి తుప్పు పడతాయి, తుప్పు కాగితంలోకి పాకుతుంది. తుప్పు పట్టిన పిన్ను తీసి కొత్తది కొడదామనుకునేవాళ్ళు చేతులు కట్టుకు కూర్చోవడం మంచిది. చిరుగుకి సెల్లోటేపు అంటించడం, అట్ట మీద తెల్లగా లేచినచోట స్కెచ్ పెన్నుతో రంగు వేయడం కూడా అంతే. గ్రేడింగ్‌లో రంగు వేసిన సంగతి బయటపడుతుంది. కామిక్‌లకి గ్రేడు ఇచ్చే అమెరికా సంస్థ సీజీసీ వాళ్ళయితే రెస్టోర్ చేసిన పుస్తకానికి మామూలు నీలం లేబుల్ బదులు ఊదారంగు లేబుల్ పెడతారు. విలువ అక్కడే పడిపోతుంది.

వెలుతురు గురించి ఒక్క మాట. చట్రంలో పెట్టి గోడకి తగిలించాలని అందరికీ ఉంటుంది. తగిలించుకోండి, కాకపోతే అట్ట రంగు ఫొటో తీయించి దాన్ని తగిలించండి. అతినీలలోహిత కిరణాల్ని అడ్డుకునే యూవీ అద్దం నష్టాన్ని తగ్గిస్తుంది తప్ప లేకుండా చేయదు. వెలిసిన రంగు మళ్ళీ రాదు.

ఇప్పుడు కవర్లు. ఇదిగో, చేతిలో రెండున్నాయి. వెనక వరుసలో వాళ్ళకి తేడా కనిపించకపోవచ్చు, కానీ వినిపిస్తుంది. ఇది నలిపితే మెత్తగా ఉంది, చప్పుడు తక్కువ: పాలీప్రొపిలీన్. ఇది గలగలమంటోంది: మైలార్. పాలీప్రొపిలీన్ చవక, కానీ కొన్నేళ్ళకి అలలు తేలుతుంది, పసుపెక్కుతుంది, మార్చాల్సిందే. మైలార్ అంటే పాలిస్టర్ పొర, రసాయనికంగా చాలా స్థిరమైనది. 1 మిల్, 2 మిల్, 4 మిల్ మందాల్లో దొరుకుతుంది. మిల్ అంటే అంగుళంలో వెయ్యోవంతు. ఖరీదైన పుస్తకానికి 4 మిల్ తీసుకోండి. వద్దే వద్దన్నది పీవీసీ. అది మెత్తబడటానికి కలిపిన పదార్థాలు బయటికొచ్చి సిరాకి అంటుకుంటాయి, పాతబడితే ఆమ్లం వదులుతుంది.

కొలత దగ్గర తప్పులు చేస్తారు. 1938 తర్వాత వచ్చిన తొలి తరం పుస్తకాలు వెడల్పుగా, సుమారు 7¾ అంగుళాలుంటాయి. అరవైల నాటివి సుమారు 7 అంగుళాలు. ఇప్పటివి ఇంకా సన్నం. పేరు చూసి కవరు కొనకండి, స్కేలు పెట్టి కొలవండి. కవరు అంగుళంలో ఎనిమిదో వంతు ఇరుకైనా పుస్తకాన్ని దూర్చేటప్పుడు మూల మడుస్తుంది. మరీ వదులైతే లోపల జారి వెన్ను మీద గీతలు పడతాయి.

వెనక పెట్టే అట్ట, బ్యాకింగ్ బోర్డు. మామూలు బోర్డులు చాలావాటికి ఒక వైపే పూత ఉంటుంది, మధ్యలోదంతా మామూలు గుజ్జే. ఖరీదైన పుస్తకానికి పూర్తి మందం ఆమ్లరహితంగా ఉండి, 3 శాతం కాల్షియం కార్బొనేట్ కలిపిన బోర్డు కావాలి. మందం 42 పాయింట్లు, అంటే ఒక మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ. ఆ కాల్షియం కార్బొనేట్ పక్కనున్న కాగితం వదిలే ఆమ్లాన్ని కొంత పీలుస్తుంది. కొంత మాత్రమే. ఇంకో విషయం, మైలార్ మంచిదన్నారు కదా అని నాలుగు వైపులా వేడితో అంటించి మూసేయకండి. ఆమ్లం ఉన్న కాగితాన్ని గాలాడకుండా బిగిస్తే అది వదిలే ఆవిరి లోపలే ఉండి ఇంకా త్వరగా పాడవుతుంది. పై మూత మడిచి వదిలేయండి.

మూతకి టేపు వేస్తారా? వేద్దాం, ఇక్కడే చూద్దాం ఏమవుతుందో. ఈ కవరు మూతని మామూలు టేపుతో అంటిస్తున్నాను. ఇప్పుడు పుస్తకం చూడాలనిపించింది, టేపు లేపాను, మూత తెరిచాను. టేపు ఎక్కడుంది? మూతకే వేలాడుతోంది, జిగురు వైపు లోపలికి. ఇప్పుడు పుస్తకం పైకి లాగుతున్నాను... అదిగో, విన్నారా ఆ చప్పుడు? అట్ట పైఅంచున సిరా ఊడి టేపుకి వచ్చేసింది. అరక్షణం పని. అందుకని పుస్తకం తీసేముందు టేపు పూర్తిగా పీకి పారేయండి. లేదా మూతని వెనక బోర్డుకీ కవరుకీ మధ్య దోపి, టేపే వాడకండి.

స్లాబ్ సంగతి. సీజీసీ 2000లో మొదలైంది, 0.5 నుంచి 10 దాకా గ్రేడు ఇస్తుంది. స్లాబ్ వల్ల మూడో మనిషి చేత పరిస్థితి రాతపూర్వకంగా వస్తుంది, ఒక ధ్రువీకరణ నంబరు వస్తుంది. ఈ రెండూ బీమాకి బంగారం. కానీ స్లాబ్ నీళ్ళని ఆపదు, తేమని పూర్తిగా ఆపదు, వేడిని అసలే ఆపదు. లోపలి సన్నటి పెట్టెలో పుస్తకం కాస్త కదులుతుంది కూడా. గట్టిగా కుదిపినా, అంచు మీద పడేసినా అట్ట అంచులు లోపలే నలిగిపోతాయి, చిరుగుతాయి. లేబుల్ మీద మాత్రం పాత గ్రేడే ఉంటుంది. కొనేవాడు కళ్ళతో చూస్తాడుగా.

ఇంతవరకూ చెప్పినవన్నీ నెమ్మదిగా జరిగే నష్టాలు. ఆమ్లం, బూజు, వెలుతురు, తుప్పు, పురుగులు. ఇప్పుడు బీమా పాలసీలో మినహాయింపుల పేజీ తెరవండి. ఏముంటుంది అక్కడ? క్రమంగా పాడవడం, వస్తువు స్వభావం వల్ల వచ్చే నష్టం, అరుగుదల, పురుగులు, తేమ. సరిగ్గా ఇదే జాబితా! అంటే నెమ్మదిగా జరిగేదానికి పూచీ మీరే. ఒక్కసారిగా జరిగేదానికే బీమా కంపెనీ వస్తుంది: మంటలు, దొంగతనం, పైపు పగలడం, చేయి జారడం. వరద, భూకంపం కొన్ని పాలసీల్లో ఉంటాయి, కొన్నిట్లో ఉండవు, అడిగి తెలుసుకోవాలి.

ఇంటి సామాన్ల పాలసీ ఉంది కదా, చాలదా? చాలదండీ. సేకరణ వస్తువులకి అందులో ఒక పరిమితి ఉంటుంది, సాధారణంగా చిన్నదే. పైగా తరుగుదల తీసేసి ఇచ్చే పద్ధతైతే ఎనభై ఏళ్ళ నాటి పది సెంట్ల పత్రికకి తరుగుదల ఎంత వేస్తారో ఊహించుకోండి. సేకరణల కోసమే ఇచ్చే పాలసీలు వేరే ఉంటాయి. అందులో మీరు వెతకాల్సిన మాట 'అగ్రీడ్ వాల్యూ'. అంటే ఫలానా పుస్తకానికి ఫలానా మొత్తం అని ముందే ఇద్దరూ ఒప్పుకోవడం. నష్టం జరిగాక బేరం ఉండదు. 'మార్కెట్ వాల్యూ' అని ఉంటే నష్టం జరిగిన రోజు ధర మీరే రుజువు చేసుకోవాలి. రెంటికీ ప్రీమియం తేడా ఉంటుంది, తేడా కట్టడం మేలు.

అగ్రీడ్ వాల్యూలో ఒక గొయ్యి ఉంది, ధర మారుతుంది, కాగితం మీది అంకె మారదు. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ 1వ సంచిక 1938లో పది సెంట్లు. 2010లో 8.5 గ్రేడు కాపీ ఒకటి 15 లక్షల డాలర్లకి అమ్ముడైంది. 2024లో అదే గ్రేడున్న వేరే కాపీ 60 లక్షల డాలర్లు పలికింది. 2010లో రాయించిన పాలసీని అలాగే తిరగరాస్తూ పోయినవాడి పరిస్థితేమిటి? మన పుస్తకాలు అంత ఖరీదైనవి కాకపోవచ్చు, లెక్క మాత్రం అదే. ఏడాదికోసారి అదే సంచిక, అదే గ్రేడు ఇటీవలి అమ్మకాల్ని చూసి అంకె సరిచేయించండి. వేలం సంస్థల పాత ఫలితాలు దొరుకుతాయి. అడుగుతున్న ధర వేరు, అమ్ముడైన ధర వేరు, రెండోదే తీసుకోండి. కొన్ని పాలసీల్లో తక్కువకి బీమా చేస్తే నష్టపరిహారం కూడా ఆ నిష్పత్తిలోనే కోస్తారు. సగానికి చేయిస్తే, కొంచెం నష్టం జరిగినా అందులో సగమే.

ఇంకో ప్రశ్న ఎవరూ అడగరు. పుస్తకం పూర్తిగా పోలేదు, నీళ్ళు చిమ్మి గ్రేడు 9.2 నుంచి 7.0కి పడింది. చేతిలో పుస్తకం ఉంది, విలువ లేదు. ఈ పడిపోయిన విలువకి మీ పాలసీ డబ్బిస్తుందా? రాతలో అడగండి, రాతలో జవాబు తీసుకోండి. ఇస్తుందంటే, ముందు 9.2 అని ఎవరు చెప్పారు అన్న ప్రశ్న వస్తుంది. స్లాబ్‌లో ఉంటే లేబుల్ చెబుతుంది. విడిగా ఉంటే మీ ఫొటోలే చెప్పాలి.

ఫొటోలంటే ఎలా? ముందు అట్ట, వెనక అట్ట, వెన్ను పొడుగునా, నాలుగు మూలలు దగ్గరగా, రెండు పిన్నులు, మధ్య పేజీ. ఒక ఫొటో పక్కనుంచి వెలుతురు పడేలా తీయండి, మడతలు అప్పుడే కనిపిస్తాయి. పుస్తకానికి ప్రత్యేకమైన గుర్తులుంటే అవి వదలొద్దు. పాత దుకాణాలవాళ్ళు అట్ట మీద పెన్సిలుతో వేసిన తేదీ, రబ్బరు ముద్ర, పేజీ కోతలో వంకర. నటుడు నికొలస్ కేజ్ దగ్గర 2000లో పోయిన యాక్షన్ కామిక్స్ 1 కాపీ 2011లో కాలిఫోర్నియాలో దొరికింది. పదకొండేళ్ళ తర్వాత కళ్ళెదుటికి వస్తే ఇది అదేనని చెప్పగలిగేది ఆ గుర్తులే. ఆ ఫొటోలు, రసీదులు, ధ్రువీకరణ నంబర్ల జాబితా పుస్తకం ఉన్న ఇంట్లోనే పెట్టకండి. ఇల్లు కాలితే రుజువూ కాలుతుంది.

అన్నట్టు, క్లెయిము డబ్బు తీసుకున్నాక పోయిన పుస్తకం దొరికితే అది ఎవరిది? మామూలుగా డబ్బిచ్చిన కంపెనీది. తిరిగి కొనుక్కునే హక్కు మీకు ఉంటుందా అన్నది పాలసీలో చూసుకోండి.

ఇక పంపడం. అందరూ డబ్బాతో మొదలుపెడతారు. మనం పాలసీతో మొదలుపెడదాం. మీ పాలసీ రవాణాకి వర్తిస్తుందా? వర్తిస్తే ఏ సంస్థ, ఏ సేవ, సంతకం కావాలా, ఒక పార్సిల్లో గరిష్ఠంగా ఎంత విలువ? ఆ షరతులు తేల్చుకున్నాకే సేవ ఎంచుకోవాలి. కొరియర్ ఫారంలో 'డిక్లేర్డ్ వాల్యూ' గడి నింపి డబ్బు కట్టేస్తే బీమా అయిపోయిందనుకుంటారు. అది వాళ్ళ బాధ్యతకి పెట్టుకున్న పైహద్దు. తప్పు వాళ్ళదని, ప్యాకింగ్ సరిగ్గా ఉందని మీరు చూపించాలి. పైగా సేకరణ వస్తువులకి విడిగా చిన్న హద్దు పెట్టుకున్న సంస్థలున్నాయి. మీరు ఎంత రాసినా, ఎంత కట్టినా ఆ హద్దే.

అమెరికాలో పంపేవాళ్ళకి రెండు మాటలు. పుస్తకాల్లాంటివాటికి తపాలా వాళ్ళు ఇచ్చే మీడియా మెయిల్ సేవ చవక, కానీ కామిక్‌లలో ప్రకటనలుంటాయి కాబట్టి అవి అందులో వెళ్ళడానికి వీల్లేదు. తెరిచి చూసే హక్కు తపాలా వాళ్ళకుంది. రెండోది రిజిస్టర్డ్ మెయిల్. చేతులు మారిన ప్రతిచోటా సంతకం ఉంటుంది, తాళం కింద ఉంటుంది, 50,000 డాలర్ల దాకా బీమా దొరుకుతుంది. నత్తనడక, ఒప్పుకుంటాను. దీనికి మామూలు ప్లాస్టిక్ టేపు పనికిరాదు, అతుకుల మీద కాగితం టేపే వేయాలి. ఎందుకంటే ఆ అతుకుల మీద తపాలా ముద్ర కొడతారు, ప్లాస్టిక్ సిరాని పీల్చదు, కాగితం పీలుస్తుంది. ఎవరైనా విప్పి మళ్ళీ అంటిస్తే ముద్ర తెగిపోయి కనిపిస్తుంది. 1958లో హోప్ వజ్రాన్ని న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌కి పంపింది ఈ పద్ధతిలోనే. మొత్తం ఖర్చు 145 డాలర్ల 29 సెంట్లు. అందులో తపాలా ఖర్చు ఎంతనుకున్నారు? 2 డాలర్ల 44 సెంట్లు. మిగిలిందంతా బీమాకే.

ఇప్పుడు ప్యాకింగ్ చేద్దాం. పుస్తకం మైలార్‌లో, బోర్డుతో ఉంది. దాని చుట్టూ పల్చటి ప్లాస్టిక్ సంచి, ఇది నీళ్ళకోసం. తర్వాత రెండు ముడతల అట్టముక్కలు, పుస్తకం కన్నా ప్రతివైపూ ఒక అంగుళం పెద్దవి. ఆ అంగుళం ఎందుకంటే మూల దెబ్బ తగిలితే అట్ట నలగాలి, పుస్తకం కాదు. ఒక అట్ట ముడతలు నిలువుగా, రెండోదాని ముడతలు అడ్డంగా ఉండాలి. ఇలా ఒకే దిక్కున పెడితే చూడండి, ఎంత తేలిగ్గా వంగిపోయిందో. ఒకదానికొకటి అడ్డంగా తిప్పి పెట్టాను, ఇప్పుడు వంచడానికి బలం కావాలి. ఖర్చు పైసా పెరగలేదు. పుస్తకం వీటి మధ్య జారకుండా కవరుని కింది అట్టకి పెయింటర్లు వాడే టేపుతో అంటించండి. టేపు చివర మడిచి చిన్న తోకలా వదలండి, అవతలివాళ్ళు బ్లేడు వాడకుండా లాగి తీస్తారు.

దాని చుట్టూ బబుల్ ర్యాప్ రెండు చుట్లు, బుడగలు బయటివైపుకి. బుడగలు లోపలివైపు ఉంటే, వేడికీ ఒత్తిడికీ వాటి గుండ్రటి అచ్చులు వస్తువు మీద పడే ప్రమాదం ఉంది. ఈ పొట్లం ఒక చిన్న గట్టి డబ్బాలో, ఆ డబ్బా పెద్ద డబ్బాలో. రెంటి మధ్య ఆరు వైపులా కనీసం 2 అంగుళాల మెత్త. థర్మోకోల్ గింజలు వద్దు. దారిలో కుదుపులకి గింజలు పైకి చేరతాయి, బరువైన స్లాబ్ అడుగుకి చేరి డబ్బా గోడకి ఆనుకుంటుంది. నలిపిన దళసరి కాగితమో, ఫోమ్ పలకలో పెట్టండి. మూసి ఊపి చూడండి. చప్పుడు వచ్చిందా, విప్పి మళ్ళీ చేయండి.

స్లాబ్ అయితే మూలలకి ఫోమ్ అదనం. ముందు సంచి తొడగండి, గీతలు పడవు. రెండు స్లాబులు పంపితే మధ్యలో అట్ట తప్పనిసరి, ఒకదాని అంచు ఇంకోదాన్ని పగలగొడుతుంది.

డబ్బా బయట కామిక్ అని గానీ, సేకరణ అని గానీ, వేలం సంస్థ పేరు గానీ రాయకండి. లోపల చిరునామా చీటీ ఒకటి వేయండి, బయటిది చిరిగితే పనికొస్తుంది. సోమవారమో మంగళవారమో పంపితే వారాంతం గోదాములో వేడికి పడి ఉండదు. ప్యాక్ చేసేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి, ధ్రువీకరణ నంబరు కనిపించడం దగ్గర్నుంచి టేపు వేసేదాకా. కౌంటరు దగ్గర బరువు రాసిన రసీదు అడగండి. లోపలిది మాయమైందన్న గొడవ వస్తే పంపినప్పటి బరువు, అందినప్పటి బరువు రెండూ చెబుతాయి.

అందుకున్నవాళ్ళకి కూడా ఈ మాట చెప్పి పంపండి. సంతకం పెట్టేముందు డబ్బాని ఆరు వైపులా చూడాలి, నలిగి ఉంటే ఆ సంగతి రాసి సంతకం పెట్టాలి. చలిలోంచో ఎండలోంచో వచ్చిన డబ్బాని వెంటనే కోయకుండా ఒక రోజు గదిలో ఉంచాలి. చల్లటి ప్లాస్టిక్ మీద వెచ్చటి గాలి తగిలితే నీటిచుక్కలు పడతాయి, ఆ నీరు ఎటు పోతుందో మనకి తెలుసు. బ్లేడు వాడితే టేపు మందం మేరకే దించాలి. విప్పుతున్నప్పుడూ వీడియో ఉండాలి. దెబ్బతిన్నదని తేలితే డబ్బా, మెత్త, టేపు ముక్కలు, ఏదీ పారేయకూడదు. నష్టాన్ని అంచనా వేయడానికి వచ్చే బీమా సర్వేయరు మొదట అడిగేది పుస్తకాన్ని కాదు, డబ్బాని. ఇక ప్రశ్నలుంటే అడగండి. ఆ టేపు లాగిన పుస్తకం దగ్గరగా చూడాలనుకుంటే ఇటు రండి, చేతులు పొడిగా ఉంటే చాలు.